ఫైనుకు పనికొచ్చిన పిల్ల

4 జూలై 1955, సోమవారం

ఈరప్పకు నోటీసు వచ్చింది. మా జిల్లా బోర్డు బడి వెనక వీధిలో మగ్గం నేసుకునే మనిషి. ఎనిమిదేళ్ళ కూతురు ఈరక్కను బడికి పంపడం లేదట, అందుకని ఫైను కట్టాలట. ఊళ్ళో నిర్బంధ విద్య అమల్లో ఉంది కదా!

ఈరక్క పుట్టుచెవిటి. మాటలు రావు. పోయిన ఏడాది తల్లి గిడ్డమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొస్తే, చెవిటి పిల్లకు మేమేం చెప్తామని వెనక్కి పంపింది మా బడే. ఇప్పుడు ఫైను వేసిందీ మా బోర్డే. ఒకటో తరగతి టీచర్ని కాబట్టి నోటీసు చదివి చెప్పమని నా దగ్గరికే తెచ్చారు. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది.

6 జూలై

హెడ్మాస్టరు జ్ఞానరాజు గారితో గొడవపడ్డాను. చెడ్డవాడు కాడు, భయస్తుడు. పాఠం అప్పజెప్పలేని పిల్ల ఇన్‌స్పెక్షన్‌లో కనబడితే తన ఇంక్రిమెంటు ఆగిపోతుందట. ఇంట్లో నలుగురు ఆడపిల్లలున్నారు, నన్ను వదిలెయ్యమ్మా అన్నాడు.

వదిలెయ్యలేదు.

11 జూలై, సాయంత్రం

సెలవు పెట్టి తల్లీకూతుళ్ళను వెంటబెట్టుకుని బస్సులో బోర్డు ఆఫీసుకు వెళ్ళాను. మద్రాసులో చెవిటి పిల్లల బడి ఉంది. బోర్డు ఖర్చుతో పంపమని అడిగాను.

ఆఫీసరు రూలు ఉందని ఒప్పుకున్నాడు. కానీ బోర్డు బళ్ళో చదివే పిల్లలకే అది వర్తిస్తుందట. ఈ పిల్ల పేరు ఏ రిజిస్టరులో ఉందని అడిగాడు.

బళ్ళో చేర్చుకోరు, చెవిటిది కాబట్టి. చెవిటి బడికి పంపరు, బళ్ళో లేదు కాబట్టి. ఇంట్లో ఉంచుకుంటే ఫైను! అరిచాను. ఏమేం అన్నానో సరిగ్గా గుర్తు లేదు. గుమాస్తాలు రాయడం ఆపి చూశారు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ గిడ్డమ్మ ముందుకొచ్చింది. "ఏం సామీ, ఫైను ఏసేటప్పుడు మా బిడ్డ మీ బడి బిడ్డే. చేర్చుకోమంటే కాదా?" అంది.

ఆఫీసరు సొరుగు లాగాడు. అందులోంచి ఒక కాగితం తీశాడు. పిల్ల చదువుకు పనికిరాదని తల్లి వేలిముద్ర వేస్తే ఫైను రద్దు చేస్తాడట. అదేదో దానం చేస్తున్నట్టు నవ్వాడు కూడా.

గిడ్డమ్మ బొటనవేలు పిడికిట్లో దాచుకుంది. "నా బిడ్డ పనికిరాదని నా సేత్తో నేనెట్ల ఏస్తా?"

12 జూలై

ఈరప్ప ఇంటికొచ్చి నా మీద విరుచుకుపడ్డాడు. "ఏలిముద్రతో పొయ్యేదాన్ని ఇంత శేస్తివి గదమ్మా! ఆఫీసుల సుట్టూ తిరుగుతాంటే మగ్గం ఎవరు నేస్తారు?"

అతని మీద కోపం వచ్చింది. అన్నది నిజమే కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది.

18 జూలై

ఎవర్నీ అడగలేదు. రిజిస్టరులో ఈరక్క పేరు రాసేశాను. సిరాతో.

21 జూలై

పలక మీద కుండ బొమ్మ గీసి, కింద 'కుండ' అని రాసిచ్చాను. ఈరక్క రెండూ చెరిపేసింది. మగ్గం గీసింది, దాని ముందు కూర్చున్న నాన్నను గీసింది. పలక నా ఒళ్ళో పెట్టి, కింద ఖాళీని వేలితో పొడిచి చూపించింది. 'మగ్గం', 'నాన్న' అని రాశాను. గంట కొట్టి పిల్లలంతా వెళ్ళిపోతున్నా లేవకుండా దిద్దుతూనే ఉంది.

ఈ పిల్లా పనికిరానిది?

9 ఆగస్టు

ఇన్‌స్పెక్షన్. ఇన్‌స్పెక్టరు ఈరక్కను లేపి ఏదో అడిగాడు. ఆయన మీసాలు కదలడం చూసి పిల్ల పకపకా నవ్వింది. దీన్నెవరు చేర్చారని ఉరిమాడు. నేను లేచేలోగానే జ్ఞానరాజు గారు లేచారు. తానే చేర్చానన్నారు. రెండోసారి అడిగినా మాట మార్చలేదు.

బడి వదిలాక ఎందుకలా చెప్పారని అడిగాను. "ఆ నవ్వు సూసినాక కాదనలేకపోతినమ్మా" అన్నారు.

2 నవంబరు

ఈరక్క పేరున్న రిజిస్టరు నకలు జతచేసి పంపిన అర్జీకి జవాబుగా మద్రాసు బడికి అనుమతి వచ్చింది. ఆ కవరులోనే నా ట్రాన్స్‌ఫర్ ఆర్డరు కూడా. మంగంపేట దగ్గర, ముగ్గురాయి అనే బెరైటీస్ తవ్వే గనుల ఊరికి. కారణం రాయలేదు. నాకు తెలియనిదా!

పిల్లను రైల్లో తీసుకెళ్ళి తానే మద్రాసులో దిగబెట్టి వస్తానని ఈరప్ప చెప్పాడు. "మగ్గం రెండు దినాలు ఆగితే ఆగనీలేమ్మా" అన్నాడు, నా ముఖం చూడకుండా. గిడ్డమ్మ ఏడ్చింది. నేను పళ్ళు నూరుకుంటూ ట్రంకు సర్దాను.

19 మే 1957

సెలవులకు వచ్చిన ఈరక్కను గిడ్డమ్మ ఈ గనుల ఊరికి తీసుకొచ్చింది. మద్రాసు బడిలో గొంతు అదురును చేత్తో పట్టించి మాటలు నేర్పుతారట. పిల్ల నా చెయ్యి లాక్కుని తన గొంతు మీద పెట్టుకుని ఏదో పలికింది. అర్థం కాలేదు. కోపంతో కాలు నేలకేసి కొట్టింది. నా చెయ్యి ఇంకా గట్టిగా అదుముకుని, మళ్ళీ పలికింది.