అత్తమ్మ చెప్పిన మాట

శ్రావణి బాపూ,

రేపటికి నువ్వు పోయి ఏడాది. ఇవాళ అత్తమ్మ, నేను బోధన్ మున్సిపల్ ఆఫీసుకు పోయి వితంతు పింఛన్‌కు దరఖాస్తు ఇచ్చి వచ్చాం.

నీ చెరుకు లారీ బోల్తా పడినప్పటి నుంచి వాడకట్టులో అందరూ పింఛన్‌కు పెట్టుకొమ్మని చెబుతూనే ఉన్నారు. అత్తమ్మే ఒప్పుకోలేదు. "సర్కారు పైసల కోసం నా కొడుకు లేడని నా నోటితోని చెప్పాల్నా?" అనేది. నేనూ బలవంతపెట్టలేదు. ఆ మాట రాసివ్వడం నాకూ చేతకాలేదు.

కానీ నూనె, గ్యాస్, మన శ్రావణి స్కూలు ఆటో, అన్నీ పిరమైపోయాయి. బట్టలు కుడితే వచ్చేది చాలడం లేదు. ఆకలి లేదని చెప్పి రాత్రిపూట తినడం మానేశాను. మొన్న అత్తమ్మ అన్నం గిన్నె మూత తీసి చూసింది. అందులో ఇద్దరికి సరిపోయేంతే ఉంది. ఇవాళ పొద్దున్నే తల దువ్వుకుని, "నడు బిడ్డా, పోదాం" అంది.

ఆఫీసులో ఏం పింఛన్ కావాలని అడిగారు. అత్తమ్మ ముందుకు వచ్చింది.

"నా కొడుకు సచ్చిపోయిండు సార్. కోడలున్నది, మన్మరాలున్నది. గీళ్లు బతకాలె."

నిన్ను సాగనంపిన నాడు కూడా ఆమె ఆ మాట అనలేదు.

ఆఫీసాయన కాగితాలు తీసుకున్నాడు. మంజూరుకు కొన్ని నెలలు పడతాయన్నాడు. మెట్లు దిగుతూ అత్తమ్మ ఆగింది.

"నేను మంచిగనే చెప్పిన్నా బిడ్డా?" అని అడిగింది.

తల ఊపాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఇంటిదాకా వదల్లేదు.

నీ పద్మ