ఐదో ప్రమాదం

మామయ్యకు,

మీ జవాబు మూడుసార్లు చదివాను. హైవే మలుపులో దీపాలు పెట్టాలంటే మూడేళ్లలో కనీసం ఐదు రాత్రి ప్రమాదాలు జరిగి ఉండాలని, అక్కడ నాలుగే జరిగాయని, అందుకే స్తంభాలకీ కరెంటుకీ అయ్యే ఖర్చుకి మీ ఆఫీసు ఒప్పుకోదని రాశారు. అన్నయ్యది పగటి ప్రమాదాల్లో చేరిందట.

అది నా వల్లే. తెల్లవారి పాలవ్యాను డ్రైవరు చూసేదాకా అన్నయ్య ఆ మలుపు కింద గోతిలోనే ఉన్నాడు కదా. టౌన్ నుంచి ఇంటికి ఎప్పుడు బయల్దేరాడని పోలీసులు మమ్మల్ని అడిగారు. పక్కనే అమ్మ ఉంది. సాయంత్రం ఐదింటికన్నాను. వాళ్లు ఐదున్నరకి ప్రమాదం అని రాసుకున్నారు.

నిజానికి ఏడింటికి పుస్తకాల కొట్టు నుంచి నాకు ఫోన్ చేశాడు.

"ఒసేయ్ పండితురాలా, నీ నిఘంటువు గోడౌన్ నుంచి రావాలట. ఇంకో గంట పడుతుంది. వచ్చేయనా?"

"ఉండవా అన్నయ్యా, ప్లీజ్."

"నీ మాటల పిచ్చి పాడుగాను" అని నవ్వాడు. ఉన్నాడు.

నిఘంటువు వాడి సంచిలో దొరికింది. ఇంతవరకు తెరవలేదు.

అమ్మ రోజూ సాయంత్రం ఐదున్నరకి చేస్తున్న పని ఆపి గడియారం వైపు చూస్తుంది. ఆ వేళకి అన్నయ్య బతికే ఉన్నాడు మామయ్యా.

కొట్టు బిల్లు జతచేశాను. దానిమీద రాత్రి ఎనిమిదీ పది అని ఉంది. లెక్క సరిచేయించండి. అమ్మకి మాత్రం మీరు చెప్పకండి. రేపు ఐదున్నరకి, తను గడియారం వైపు తల తిప్పకముందే, నేనే చెబుతాను.

మీ మేనకోడలు