అచ్చెక్కిన నా తప్పు

ఆదివారం, విజయవాడ

ఒళ్ళు మండిపోతోంది. మొదటి తప్పు నాదే కాబట్టి ఇంకా మండుతోంది.

మా ఆన్‌లైన్ నిఘంటువు గ్రూపులో ‘మక్కు’ అనే మాట చేర్చింది నేనే. కొండపల్లి బొమ్మకు రంగుకు ముందు పూసే సుద్ద అని అర్థం రాశాను. బొమ్మలు చేసే నాగేశ్వరరావు గారిని అడగకుండా, చూసి ఊహించి రాసేశాను. మర్నాడు చెబితే ఆయన నవ్వారు.

“సుద్ద కాదమ్మా. చింతగింజల పిండిలో రంపంపొట్టు కలిపితే మక్కు. బొమ్మకి చేతులూ కాళ్ళూ దాంతోనే అతికిస్తాం.”

వెంటనే దిద్దాను. ఆ ఒక్కరోజులోనే ఎవరో నా పాత అర్థాన్ని ఎత్తుకెళ్ళి, తర్వాత ఒక పత్రికలో వ్యాసం రాశారు. ఇవాళ చూస్తే అడ్మిన్ ప్రసాదరావు గారు నా దిద్దుబాటు తీసేసి, మళ్ళీ సుద్దే పెట్టారు. ఫోన్ చేశాను.

“దానికి అచ్చులో ఆధారం ఉందండీ. మీ దానికి లేదు కదా మేడం?”

“ఆ వ్యాసానికి ఆధారం నా తప్పేనండీ!”

“ఆ సంగతి వ్యాసంలో లేదు కదండీ. రూల్ రూలే.”

అచ్చులో ఆధారం లేనిదే ఏ అర్థమూ ఉంచకూడదని గ్రూపులో అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఆయన ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తినా బాగుండేది...

సాయంత్రం నాగేశ్వరరావు గారి ఫోన్. “మన మక్కు ఎక్కిందామ్మా డిక్షనరీలో?”

“ఎక్కిందండీ” అన్నాను.

“అయితే రేపు మా మనవరాలి చేత చదివించుకుంటానమ్మా” అన్నారాయన, సంబరంగా.