సోమవారం మాత్రలు

నవంబరు 17, సోమవారం
పదహారో సోమవారం. మొక్కు తీరింది. చెల్లికి బ్లడ్ క్యాన్సర్ పూర్తిగా నయమవ్వాలని మొక్కుకున్నది నేను... ఉపవాసం ఇద్దరం. మధ్యాహ్నం అన్నం తిని వేసుకునే మాత్ర సోమవారాలు ఆపించాను. ఖాళీ కడుపున వద్దన్నారు కదా, వారానికి ఒక్కటేగా అని.
సాయంత్రం డాబా మీద సుజాత— "అక్కా, చుక్క!"
అది సెల్ టవరు లైటే, అన్నాను.
"దానికే దణ్ణం పెట్టేసి తిందాం."

నవంబరు 20, గురువారం
గుడివాడ. రిపోర్టు. తగ్గుతూ వచ్చిన క్యాన్సర్ అంకె మళ్లీ పెరిగింది.
డాక్టరుగారు కాగితం మీద గీసి చూపించారు— చెడ్డ కణాలను ఆగకుండా పుట్టించే ఎంజైము, దాన్ని నొక్కిపట్టే మాత్ర. "రోజూ పడితేనే పట్టు. మధ్యలో మానారా అమ్మా?"
"లేదండీ." సుజాతే అంది.
నేను గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.
"అయితే ఈ మందుకు లొంగట్లేదన్నమాట. వచ్చే గురువారం మార్చేద్దాం. కొత్తదానితో గుండె జాగ్రత్తగా చూసుకోవాలి."
బస్సులో అడిగాను, ఎందుకన్నావే అలా?
"నిన్ను ఆయన చేత తిట్టించనా? ఊరుకో."

నవంబరు 21
దీపం పెట్టలేకపోయాను.

నవంబరు 23, ఆదివారం
పెడన షెడ్డులో సుజాత చీరల అద్దకం పని. అచ్చు మీద గుద్దిన ప్రతిసారీ కాస్త ఆగి ఊపిరి తీసుకుంటోంది. ఒక్క అచ్చు వదిలినా చీరంతా పాడవుతుందని చిన్నప్పుడు దానికి నేర్పింది నేనే.
వారానికొకటి వదిలించిందీ నేనే.

నవంబరు 24, సోమవారం
అన్నం వడ్డించాను. ముట్టుకోదు.
"ఇవాళ ఉపవాసం లేదా? నువ్వు ఉండమంటే ఉంటాను."
తినవే, అన్నాను. మాత్ర మింగేదాకా ఎదురుగా కూర్చున్నాను. దాని నమ్మకం దేవుడి మీద అనుకున్నాను ఇన్నాళ్లూ... నా మీద.

నవంబరు 26, బుధవారం
పూజగదిలో స్టీలు డబ్బా. మానిన మాత్ర ప్రతి సోమవారం స్వామి పాదాల దగ్గర పెట్టి, పారేయలేక దాచినవి. సుజాతకీ తెలియదు. పదహారూ ఉన్నాయి. సంచిలో పెట్టాను.

నవంబరు 27, గురువారం
గుడివాడ. వరండాలో బెంచీ మీద రాస్తున్నాను. మాకన్నా ముందు ఇద్దరు.
"సంచిలో ఏంటక్కా గలగలమంటోంది? ప్రసాదమా?"
సంచి ఒళ్లోకి తీసుకున్నాను. లోపల నేను మాట్లాడతాను, నువ్వు ఊరుకో, అన్నాను.
"ఏం మాట్లాడతావు? మళ్లీ అడిగితే లేదండీ అనేస్తాలే." చేయి నొక్కింది.
ఒకరు లోపలికి వెళ్లారు. సంచి నా ఒళ్లోనే ఉంది... ఇంకొక్కరు.