పోలమ్మ పిన్ని తోమిన నెక్లెస్

మంగళవారం, రాత్రి

మా పోలమ్మ పిన్నిని దొంగను చేసింది ఆ డిటెక్టివ్ సీరియల్ మేనేజరే. వన్ టౌన్ షూటింగ్‌లో అందరి ముందూ ఆమె చేపల గంపను రోడ్డు మీద బోర్లించాడు.

శవం వేషం వేసిన అమ్మాయి మెడలోంచి గిల్టు నెక్లెస్ తీసి, తర్వాతి సీనుకు వేసుకోమని, చేపలమ్మే వేషానికి కూలికి పిలిచిన పిన్నికిచ్చారు. శవం మీది నగను కడగకుండా మావాళ్లెవరు వేసుకుంటారు? చింతపండుతో తోమేసింది. పూత పోయి ఇత్తడి తేలింది.

"ఇది మాది కాదు, మా నగ ఎక్కడ దాచావ్?" అని మేనేజర్ అరుపులు.

"నాను మార్సలేదు బాబూ, తోమినానంతే. కావాలంటే సేపల పొట్టలు కూడా కోసి సూడు!" అంది పిన్ని.

చివరికి కాస్ట్యూమ్స్ చూసే ఆవిడ, కొక్కేనికి తను కట్టిన ఎర్రదారం చూపించి, "ఇది మనదే సార్" అంది. అతను "సర్లే, షాట్ రెడీ" అంటూ వెళ్లిపోయాడు. కథలో డిటెక్టివ్ మాత్రం ప్రతిసారీ అసలు దొంగనే పట్టుకుంటాడట!

శ్రమ గౌరవం మీద అన్ని కరపత్రాలు చదివిన నేను అక్కడ నోరు మెదపలేదు. అదే ఇంకా మండుతోంది. పిన్నేమో, "వదిలీరా, గొడవైతే మల్లీ పిలవరు" అంటోంది. నిజంగానే పిలవకపోతే...

అయినా సరే. రేపు ఉదయం ఏడింటికి, వాళ్ల వ్యాన్ రాకముందే, మా పేటలోని చేపల గంపలన్నీ ఆ షూటింగ్ వీధి మొగలో అడ్డంగా ఉండాలి. అతను అందరి ముందూ పిన్నికి క్షమాపణ చెప్పాకే వ్యాన్‌కు దారి. ఏడింటికి. ముందు నేనుంటాను.