ఇన్‌సుక్ నవ్విన సంగతి

అయ్యా,

చోవల్ దీవి పరిపాలనాధికారి వారి సముఖమునకు, తూర్పు రేవులో సముద్రపు నాచు ఆరబెట్టుకొని బతుకుచున్న పాంగ్ చిల్‌బోక్ అనువాడు వంగి నమస్కరించి విన్నవించుకొను అర్జీ.

విషయం: రేవులో నిలిపిన గాయని మ్యోంగ్ ఇన్‌సుక్ బొమ్మను వచ్చే సోమవారం తొలగించవలెనన్న ఉత్తర్వును ఆపుట గురించి, మరియు సదరు ఇన్‌సుక్ కన్నతల్లి శవపేటిక ముందు పగలబడి నవ్వినదన్న అభియోగము గురించి.

1. తమరు సియోల్ నుంచి బదిలీ మీద వచ్చి ఇంకా ఇక్కడి చలికాలం చూడలేదు. కనుక మొదట బొమ్మ సంగతి. ఇన్‌సుక్ పాటలు దేశమంతా మోగిన రోజుల్లో తమ ముందున్న అధికారి దాన్ని చేయించారు. దానికి ఇన్‌సుక్ పోలిక ఏనాడూ లేదు. అచ్చం ఆ అధికారి గారి భార్యలాగే ఉంటుందని రేవంతా అనుకునేది. ఇది అభియోగం కాదు, మాటవరసకు రాశాను. అయినా పడవ దిగినవాళ్లంతా దాని పక్కన నిలబడి ఫోటోలు దిగేవారు. ఇప్పుడు దాని మీద కోడిగుడ్లు కొడుతున్నారు.

2. ఇక అభియోగము. నిండు వయసు బతికి పోయినవారి ఇంట, పాడె లేచే ముందు రాత్రి, మేము దాసిరేగి అనే వేషాల ఆట ఆడతాము. గుడ్డివాడొకడు, వాడి నిండుచూలాలు భార్య, ఆమె వెంటపడే సన్యాసి. పేటిక ముందే ఆమెకు కాన్పవుతుంది, బిడ్డ నాదంటే నాదని మగవాళ్లిద్దరూ కొట్టుకుంటారు. ఒక ప్రాణం పోయిన ఇంట్లో ఇంకొకటి వచ్చిందని చెప్పడం అది. పోయినవారి పిల్లల్ని నవ్వించేదాకా ఆట ఆపకూడదు. నవ్వించలేకపోతే మాకే సిగ్గు. ఆ చూలాలి వేషం ముప్పై ఏళ్లుగా నాదే. కడుపుకు సొరబుర్ర కట్టుకుంటాను. మా పెరటి సొరకాయలు అందుకు బాగా పనికొస్తాయి, మెడ పొట్టి, నడుం వెడల్పు. సరే, అది వేరే కథ.

3. తల్లి పోయిన దగ్గర్నుంచి ఇన్‌సుక్ ముద్ద మింగలేదు, ఏడవలేదు, కొయ్యలా కూర్చుంది. పక్కింటి మాల్సున్ అక్క నన్ను పక్కకు లాగి, "ఒరే చిల్‌బోక్, దీన్ని కదిలించకపోతే తల్లి వెనకే పోతుంది. ఈ రాత్రికి నీ సిగ్గూ శరమూ ఇంట్లో పెట్టి రా" అంది. "అవి నా దగ్గర ఎప్పుడున్నాయక్కా" అన్నాను.

ఆట మధ్యలో తాడు తెగింది. కాన్పు వేళ కాకుండానే బుర్ర నా పావడాలోంచి జారి, దొర్లుకుంటూ పోయి ఇన్‌సుక్ కాళ్ల దగ్గర ఆగింది. "ఒసే ఇన్‌సుక్! మీ అమ్మను చూడాలని నెలలు నిండకుండానే వచ్చేశాడే! పట్టుకోవే, నేల చల్లగా ఉంది!" అని అరిచాను. అది తల వెనక్కి వాల్చి నవ్వింది. సరిగ్గా అప్పుడే, ప్రధాన భూభాగం నుంచి వచ్చిన ఎవరో ఫోన్ ఎత్తి ఫోటో తీశారు.

ఆ మరుక్షణం ఆ నవ్వే విరిగి ఏడుపైంది. బుర్రను గుండెకు అదుముకొని, నా మీద వాలి, నా వేషం జాకెట్టు తడిసిపోయేట్టు ఏడ్చింది. అది ఎవరూ తీయలేదు. ఏడిచేవాళ్లను ఫోటో తీయడం మర్యాద కాదనుకున్నారు కాబోలు.

4. ఫోటోలో నేను లేను, సన్యాసి లేడు, బుర్ర లేదు. మైలకు కట్టే నార గుడ్డల్లో ఇన్‌సుక్, దాని పళ్లు, వెనక పేటిక. అంతే. తెల్లారేసరికి దేశం మొత్తానికి అది పిశాచి అయింది. టీవీ పాటల కార్యక్రమంలోంచి దాన్ని కోసేశారు. నల్లబట్టలు కట్టుకొని కెమెరాల ముందు నడుం విరిగేట్టు వంగి క్షమాపణ చెప్పుకుంటే, కన్నీళ్లు చాలలేదన్నారు. అమ్మ దగ్గర నవ్వు ఎక్కువైందట, కెమెరా దగ్గర ఏడుపు తక్కువైందట. ఆ తూకం రాళ్లు ఎవరి దగ్గరున్నాయో నాకు తెలియదు.

5. తమ ఆఫీసుకు వచ్చి ఇదంతా అక్కడి గుమాస్తాకు చెప్పాను. "తాతా, దేశమంతా చూసింది. నువ్వొక్కడివీ చెబితే ఎట్లా?" అన్నాడు. "దేశం ఫోన్ చూసిందిరా, నేను పిల్లను చూశాను" అన్నాను. "బొమ్మ మీద గుడ్లు కడగడానికి మనిషి లేడు, తాతా" అన్నాడు. నేను కడుగుతాను. చీపురు నాదే.

6. ఇది ఆరవది, చివరిది. ఇన్‌సుక్ తన తల్లి ఇంట్లోనే తలుపులు వేసుకొని ఉంది. మొన్న అన్నం పట్టుకెళ్తే అడిగింది: "బాబాయ్, ఆ రోజు నేను ఏడ్చానా?"

"ఏడ్చావే. నా జాకెట్టు ఇంకా ఆరలేదు."

"నాకు గుర్తు రావడం లేదు. కళ్లు మూసుకుంటే ఆ ఫోటోనే వస్తోంది. అందులో ఉన్నామెకు అమ్మ పోయినట్టు లేదు, బాబాయ్. సోమవారం ఊరు కూడా బొమ్మ తీసేస్తే, అందరూ చెప్పేదే నిజమని నేనూ ఒప్పేసుకుంటాను."

దేశం సంగతి నాకు అక్కర్లేదు. ఆ నవ్వు ఎందుకు వచ్చిందో తెలిసిన చోటు ఈ దీవి ఒక్కటే. ఈ చోటు కూడా ఫోటో మాటే నమ్మితే ఆ పిల్ల ఇంకెక్కడికి పోవాలి?

కావున సదరు ఉత్తర్వును ఆపి, ఆ పిల్లను నవ్వించినవాడు ఫలానా అని నా పేరు బొమ్మ కింద రాయించవలెనని, గుడ్లు కొట్టేవారు నన్నే కొట్టవచ్చునని ప్రార్థన. తప్పులుంటే నవ్వుకొని చిత్తగించవలెను.

జతపరచినది: సొరబుర్ర ఒకటి, సాక్ష్యార్థం.

తమ విధేయుడు,
పాంగ్ చిల్‌బోక్
(చూలాలి వేషధారి)

తా.క.: ఈ అర్జీని తమకు పంపే ముందు ఇన్‌సుక్‌కు చదివి వినిపించాను. బుర్ర దొర్లిన చోటికి రాగానే దాని పెదవి ఒక పక్కకు కదిలింది. వెంటనే చేత్తో నోరు మూసుకొని, ఎవరైనా ఫోన్ పట్టుకొని ఉన్నారేమోనని కిటికీ వైపు చూసింది. నేను అక్కడి నుంచి లేచి వచ్చేదాకా ఆ చెయ్యి నోటి మీద నుంచి తీయలేదు.

అయ్యా, బొమ్మను తీయిస్తే తీయించండి, నేను అడ్డుపడను. ఆ చెయ్యి తీయించే దారి ఏదైనా తమ ఆఫీసులో ఉంటే, అది చెప్పండి.