బీరువాలో ఉన్న "అది"

అమ్మకి నమస్కారాలు.

నేను ఇక్కడ క్షేమం. నువ్వు అక్కడ కుట్టుమిషన్ ముందు క్షేమంగా కూర్చుని ఉంటావని తలుస్తాను. కొడుకు ఎన్నడూ లేనిది ఉత్తరం రాశాడేమిటని కంగారుపడకు. హాస్టల్ ఆఫీసు ఫోను ప్రాణం మీదికొస్తే తప్ప ఇవ్వరు.

పరీక్ష రోజు ఓ పొరపాటు జరిగింది. గంట కొట్టేదాకా కూర్చుందామని హాలు బయట దాంతో కూర్చున్నాను. ఒళ్ళు తెలియలేదు. తలెత్తేసరికి అందరూ రాసేసి బయటికి వస్తున్నారు. మా హెడ్ మేడమ్ నన్ను పిలిచి, "ఇంకో అవకాశం ఇస్తాను. ఈసారి కూడా పోతే నీ సీటు పోయినట్టే. అప్పటిదాకా అది నీ దగ్గర ఉండకూడదు" అన్నారు. వార్డెన్ గారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేశారు.

అది లేకుండా ఉండలేకపోతున్నానమ్మా. పొద్దున్నే కళ్ళు తెరవకముందే చెయ్యి దిండు కింద దానికోసం వెతుకుతోంది.

ఇట్లు,
నీ కొడుకు

తా.క.: క్లాసులో మాటిమాటికీ జేబు తడుముకుంటున్నాను. చీమలు కుడుతున్నాయా అని పక్కవాడు అడిగాడు.

*

చిరంజీవి పొడుగోడికి అమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాక, చేతిలో ఉన్న చొక్కాకి రెండు చేతులూ ఒకే పక్కన కుట్టాను.

పరీక్ష మానేసి దాంతో కబుర్లు చెబుతూ కూర్చున్నావా? ఎవరింటి పిల్ల అది? నీ తప్పు నీదే అనుకో. కానీ ఆడపిల్లని బీరువాలో పెట్టి తాళం వేయడమేమిటి? మీ వార్డెన్ మనిషేనా? లోపల గాలి ఆడుతుందా? వేళకి ఇంత తిండి పెడుతున్నారా? దిండు కింద వెతకడం గురించి మాత్రం నేనేమీ అడగను. నాకు వినే ఓపిక లేదు.

వెంటనే జవాబు రాయి.

ఇట్లు,
నీ మీద కోపంగా ఉన్న అమ్మ

తా.క.: పిల్ల పొట్టిదా, పొడుగుదా? కోపం కోపమే, కొలతలు కొలతలే.

*

అమ్మకి వెయ్యి దణ్ణాలు.

అది పిల్ల కాదమ్మా, ఫోను. నా నల్ల ఫోను. ఫోను చూసుకుంటూ పరీక్ష పోగొట్టుకున్నానని రాయడానికి సిగ్గేసి "అది" అన్నాను. దానికి తిండి అక్కర్లేదు, ఛార్జింగ్ చాలు. కొలతలంటావా, అరచేతిలో పడుతుంది.

సాయంత్రమైతే ఏం తోచడం లేదు. ఎవరు ఏం పెట్టారో, ఎవరు దేనికి నవ్వారో, నన్ను ఎవరైనా తలుచుకున్నారో తెలియదు. ఊరికే వార్డెన్ గారి గది ముందు నుంచి అటూ ఇటూ నడుస్తాను. తలుపు సందులోంచి బీరువా కనిపిస్తే మనసు కాస్త కుదుటపడుతుంది.

ఇట్లు,
నిజమే చెబుతున్న నీ కొడుకు

తా.క.: నిన్న గదిలోంచి మోగింది. అది నన్నే పిలుస్తోందనుకుని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తీరా చూస్తే వార్డెన్ గారి జేబులోది.

*

చిరంజీవి పొడుగోడికి అమ్మ దీవెనలు.

ఫోను కోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నానంటే నమ్మడానికి నేనేమైనా చిన్నపిల్లనా? పక్కషాపులో తాళాలు చేసే ఆయనకి నీ ఉత్తరం చదివి వినిపించాను. "ఇది ఫోను బెంగ కాదమ్మా. రెండు పెళ్ళిళ్ళు చేసుకున్నవాణ్ణి, నాకు తెలియదా" అన్నాడు. అది ఎలాంటి బీరువానో రాస్తే మారు తాళంచెవి చేసి పంపుతాడట.

నీ మాటే నిజమైతే, ఫోను లేకుండా పొద్దస్తమానం ఏం చేస్తున్నావో, ఏం చూస్తున్నావో ఒక్క ముక్క దాచకుండా రాయి. పిల్లంటూ ఉంటే ఎక్కడో ఒకచోట దొరికిపోతావు.

ఇట్లు,
అన్నీ గమనిస్తున్న అమ్మ

తా.క.: నీలం గుడ్డ మిగిలితే దానికో గౌను కత్తిరించాను. జేబులు పెట్టనా, వద్దా?

*

అమ్మకి,

గౌను ఆపు. దాచకుండా రాస్తున్నాను.

మధ్యాహ్నం భోజనాల గదిలో మా బల్ల దగ్గర అందరూ ఉంటారు, ఎవరూ ఉండరు. ఒక చెయ్యి పళ్ళెంలో, ఒక చెయ్యి ఫోను మీద. పళ్ళేల చప్పుడు తప్ప మాట వినిపించదు. "కూరలో ఉప్పు ఎక్కువైంది కదా" అన్నాను. ఎవరూ పలకలేదు. వాళ్ళని తప్పుపట్టడానికి నోరు రాలేదు. మొన్నటిదాకా నేనూ అంతే.

పక్కగది వాడు నాకు ప్రాణస్నేహితుడు. చేరిన రోజు నుంచీ మెసేజులు రాసుకుంటున్నాం. వెళ్ళి తలుపు కొట్టాను. లోపల్నుంచే "మెసేజ్ పెట్టు" అన్నాడు.

గదికొచ్చి, ఏం చేయాలో తోచక బట్టలు ఉతుక్కున్నాను. చొక్కా తిరగేసి ఆరేస్తుంటే కాలరు లోపల సన్నగా తెల్లదారంతో కుట్టిన పువ్వు కనిపించింది. ఇంకో చొక్కా తీశాను, అందులో ఆకు. మరోదాంట్లో పిచ్చుక. అన్నీ మంచం మీద పరిచి చూస్తూ ఉండిపోయాను. ఇవన్నీ ఎప్పుడు కుట్టావమ్మా? ఇన్నాళ్ళూ ఒంటి మీద వేసుకుని తిరిగాను, ఒక్కసారీ చూడలేదు.

మళ్ళీ పెట్టిన పరీక్ష బాగా రాశాను. రేపు ఫోను ఇచ్చేస్తారు. బెంగ అలాగే ఉంది కానీ, ఇప్పుడది దాని మీద కాదు.

ఇట్లు,
నీ పొడుగోడు

తా.క.: పక్కగది వాడు చివరికి తలుపు తీశాడు. నేనింత పొడుగుంటానని వాడికి తెలియదట.

*

చిరంజీవి పొడుగోడికి అమ్మ దీవెనలు.

అది ఫోనని నీ మొదటి ఉత్తరంలోనే తెలిసింది. నీ దిండు గలీబులు ఉతికినదాన్ని, కింద ఏముంటుందో నాకు తెలియదా.

ఇదివరకు రోజూ ఫోన్ చేసేవాడివి. "తిన్నావా? తిన్నాను. సరే ఉంటా." అంతే. ఇంటికొచ్చినా నీ నడినెత్తి తప్ప ముఖం కనిపించేది కాదు. అలాంటిది ఓ రోజు నిండు కాగితం వచ్చింది. దాన్ని ఎన్నిసార్లు చదివానో. బాగున్నాను, నువ్వూ బాగుండు అని రాస్తే మళ్ళీ రాయవని భయమేసింది. కోప్పడితే రాస్తావు కదా అని ఆ పిల్లని నేనే పుట్టించాను. పాపం తాళాల ఆయన ఏమీ అనలేదు. ఆయనకి అసలు పెళ్ళే కాలేదు.

పువ్వులు, పిచ్చుకలు అంటావా. చొక్కా కుట్టడం అయిపోయాక పంపబుద్ధి కాదురా. ఇంకాసేపు చేతిలో ఉంచుకోవడానికి ఏదో ఒక వంక కావాలి.

ఇట్లు,
నిన్ను చూడాలని ఉన్న అమ్మ

తా.క.: కవరు మీద స్టాంపు లేదు, గమనించావా? ఇది పోస్టులో రాలేదు. పొద్దున్నే షాపు మూసేసి బస్సెక్కాను. మీ హాస్టల్ గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చుని రాస్తున్నాను. లోపలికి వెళ్తున్న ఒకతని చేతిలో పెడుతున్నాను. ఫోనులోంచి తలెత్తకుండానే ఇస్తానన్నాడు. నీదాకా చేరుతుందో లేదో. చేరితే, చెప్పులు వేసుకుని ఒకసారి బయటికి రా.